ప్రింటు నల్లగా వస్తోందంటే ముందు చూడాల్సింది మానిటర్ వెలుతురు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ల్యాప్‌టాప్‌లో ఎడిట్ చేసినప్పుడు నిండుగా కనిపించిన పెళ్లి ఫొటోలు ఆల్బమ్ అయి వచ్చేసరికి నల్లబడుతున్నాయి, మొహాలు ఎర్రబారుతున్నాయి, పెళ్లివారి ఫోన్లలో చూస్తే మళ్లీ ఇంకో రంగు. ఇప్పుడు 27 అంగుళాల ఐపీఎస్ మానిటర్ కొన్నారు. దానికి క్యాలిబ్రేషన్ పరికరం (తెర వెలుగునీ రంగునీ కొలిచి సరిచేయడానికి వాడేది) కూడా కొనాలా, కొంటే ఏది, ఎలా వాడాలి?

కొనండి. కానీ పరికరం కొన్నంత మాత్రాన ఆల్బమ్ నలుపు పోదు. ఆ నలుపు వెలుతురు వల్ల వచ్చింది, రంగు వల్ల కాదు. ఎరుపు సంగతి వేరు, దానికి మీ పాత ల్యాప్‌టాప్ కారణమని నా అనుమానం. రెండూ విడివిడిగా చెబుతాను.

కొత్త మానిటర్ డబ్బాలోంచి తీసి పెట్టగానే తెలుపు 250 నిట్స్ దాకా వెలుగుతుంది, కొన్నయితే ఇంకా ఎక్కువ. నిట్ అంటే చదరపు మీటరుకు ఒక క్యాండెలా. షాపులో పక్క మానిటర్ కంటే మెరవాలి కాబట్టి కంపెనీలు అలాగే పంపుతాయి. ప్రింటుకు సొంత వెలుగు ఉండదు, పడిన వెలుతురునే తిప్పి పంపుతుంది. మీ కస్టమర్ హాల్లో కూర్చుని ఆల్బమ్ తిప్పుతుంటే పేజీ మీద 200 లక్స్ (లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురు కొలత) పడుతోందనుకుందాం. తెల్ల కాగితం అందులో 90 శాతం తిప్పి పంపినా కంటికి చేరేది 57 నిట్స్ దగ్గర. మీ ల్యాప్‌టాప్ తెర వెలుగు కూడా అంతే అనుకుంటే మీరు ఎడిట్ చేసింది 250 దగ్గర. నాలుగు రెట్లు దాటింది, కెమెరా భాషలో రెండు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు). మెరిసే స్క్రీన్ మీద ఫొటో ఎక్కువ బ్రైట్‌గా అనిపించి మీరు ఎక్స్‌పోజర్ తగ్గిస్తారు. నల్లదనం అక్కడే ఫైల్లోకి వెళ్లిపోతుంది. ల్యాబ్‌వాడు ఉన్నదే ప్రింట్ చేశాడు. నమ్మకం కుదరకపోతే ఆ ఫైళ్ల హిస్టోగ్రామ్ (ఎడమన నలుపు, కుడిన తెలుపు ఉండే వెలుగు గ్రాఫ్) తెరిచి చూడండి, మొహాలు మధ్య గీతకు బాగా ఎడమన కూర్చుని ఉంటాయి.

ప్రింటు కోసం పనిచేసే మానిటర్‌కి 80 నుంచి 120 నిట్స్ మధ్య చాలు. ఎస్ఆర్‌జీబీ (మామూలు తెరలు, వెబ్ వాడే రంగుల పరిధి) ప్రమాణం రాసినవాళ్లు కూడా మానిటర్ తెలుపు 80 అనే అనుకుని రాశారు. నేను 100 పెట్టుకుంటాను. పగటిపూట వెలుతురు తగ్గించలేని గది అయితే 120. మానిటర్ మెనూలో బ్రైట్‌నెస్ 20, 30 అంకెల దగ్గరికి దిగాల్సి వస్తుంది. మొదటి రోజు ‘ఇదేంటి, స్క్రీన్ చచ్చిపోయినట్టుంది’ అనిపిస్తుంది. కాసేపటికి కన్ను సర్దుకుంటుంది. మళ్లీ పెంచకండి.

గది గురించి ఎవరూ అడగరు గానీ నేను చెప్పి తీరతాను. కిటికీ మీ వెనక ఉంటే వెలుగు స్క్రీన్ మీద పడి నీడల్లో వివరాలు మాయమవుతాయి. మీరు షాడోస్ స్లైడర్ పైకి లాగుతారు, ప్రింటులో అక్కడ బూడిద రంగు తేలుతుంది. కర్టెన్ వేయండి, లేదా టేబుల్ తిప్పండి. మానిటర్ వెనక గోడ చిలకపచ్చో లేత గులాబీయో అయితే దాని రంగు మీ కంటి మీద పనిచేస్తూనే ఉంటుంది, ఆ ఒక్క గోడకి బూడిద రంగు వేయించుకుంటే చాలు. పొద్దున ఒక వెలుతురులో, రాత్రి ఇంకో వెలుతురులో ఒకే ఆల్బమ్ ఎడిట్ చేస్తే పేజీకో రంగు వస్తుంది. ఒకే తరహా వెలుతురు ఉంచుకోండి.

ప్రింటు చూసే బల్బు కూడా ముఖ్యమే, ముఖ్యంగా మన పెళ్లిళ్లకు. మామూలు ఎల్‌ఈడీ బల్బుల సీఆర్‌ఐ (బల్బు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో 100కి చెప్పే అంకె) 80 దగ్గర ఉంటుంది. ఆ అంకెను ఎనిమిది లేత రంగుల మీద లెక్కకడతారు, ముదురు ఎరుపు అందులో లేదు. దాన్ని ఆర్9 అని విడిగా చెబుతారు, చౌక బల్బుల్లో అది చాలా తక్కువ. ఆ వెలుతురులో కంచిపట్టు ఎరుపు ప్రింటులో నిజంగానే బాగున్నా ఇటుక రంగులా కనిపిస్తుంది. ‘ల్యాబ్ ఎరుపు చంపేసింది’ అనుకుంటాం. ప్రింటు పరీక్షకు సీఆర్‌ఐ 90 పైన ఉన్న 5000 కెల్విన్ బల్బు ఒకటి విడిగా పెట్టుకోండి. అది దొరక్కపోతే ఎండ నేరుగా పడని వరండాలో మధ్యాహ్నం చూడండి, చాలు.

ఇక మొహాల ఎరుపు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే మధ్యరకం ల్యాప్‌టాప్‌ల వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ ప్రమాణపు రంగుల పరిధి) అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అంటే ఎస్ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండొంతులకు అటూఇటూ మాత్రమే చూపించగలవు. దెబ్బ ముఖ్యంగా ఎరుపుకి, నీలానికి పడుతుంది. పైగా వాటి తెలుపు చాలావరకు నీలం వైపు ఒరిగి ఉంటుంది. అలాంటి తెర మీద పసుపు నీళ్లు, కుంకుమ, పట్టుచీర అన్నీ పేలవంగా కనిపిస్తాయి. మీరు శాచ్యురేషన్ పెంచుతారు, మొహం చల్లగా ఉందని టెంపరేచర్ కుడికి జరుపుతారు. ల్యాబ్ మెషీన్‌కి ఆ తెర లోపం తెలియదు కదా, మీరు పెంచినదంతా కాగితం మీద పెట్టేసింది. ఈ తరహా ప్యానెల్‌ని క్యాలిబ్రేట్ చేస్తే తెలుపు కాస్త సరిపడుతుంది గానీ లేని రంగు పుట్టదు. ఆ ల్యాప్‌టాప్‌లో ఫొటోల ఏరివేత, క్రాపింగ్ చేసుకోండి. రంగు నిర్ణయాలు మాత్రం కొత్త మానిటర్ మీదే.

పరికరం చేసే పనులు రెండు, చాలామంది ఒకటే అనుకుంటారు. మొదటిది మానిటర్‌ని ఒక తెలిసిన స్థితికి తేవడం: తెలుపు ఇంత, వెలుగు ఇంత, గామా (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు పెరిగే తీరు) ఇంత. క్యాలిబ్రేషన్ అంటే అదే. రెండోది, ఆ స్థితిలో మానిటర్ ఏ అంకెకి ఏ రంగు చూపిస్తోందో కొలిచి ఐసీసీ ప్రొఫైల్ అనే ఫైల్లో రాయడం. ఫొటోషాప్, లైట్‌రూమ్ ఆ ఫైలు చదివి, ‘ఈ మానిటర్ ఎరుపు కాస్త నారింజ వైపు ఉంది, కాబట్టి వేరే అంకె పంపాలి’ అని లెక్క వేసుకుంటాయి. ప్రొఫైల్ చదవని ప్రోగ్రాముకి ఈ రెండో మేలు అందదు. అందుకే ఒకే ఫొటో ఫొటోషాప్‌లో ఒకలా, ఏదో పాత వ్యూయర్లో ఇంకోలా కనిపిస్తుంది. ఫొటోషాప్‌ని నమ్మండి.

కంటితో చేసుకునే క్యాలిబ్రేషన్ విండోస్‌లోనే ఉంది. గామా వరకు అది పర్వాలేదు. తెలుపుకి మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఏ తెలుపు ముందు పావుగంట కూర్చున్నా మన కన్ను అదే తెలుపని ఒప్పుకుంటుంది.

ఏది కొనాలి అంటే, క్యాలిబ్రైట్ వాళ్ల డిస్‌ప్లే వరుసలో ఏదైనా (ఒకప్పుడు ఎక్స్‌రైట్ పేరుతో వచ్చిన ఐ1 డిస్‌ప్లే ప్రో కుటుంబమే ఇది), లేదా డేటాకలర్ స్పైడర్ వరుసలో కొత్తది. ఇవి కలరీమీటర్లు, అంటే రంగు ఫిల్టర్ల ద్వారా తెర రంగుని కొలిచేవి. ప్రింటర్ ప్రొఫైల్ కూడా సొంతంగా చేసుకునేవాళ్లకి స్పెక్ట్రోఫొటోమీటర్ కావాలి, మీకు అక్కర్లేదు. సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా వస్తోందని పదిహేనేళ్ల నాటి స్పైడర్ 2, స్పైడర్ 3 లాంటివి తీసుకోకండి. ఆ తరం పరికరాల లోపలి ఫిల్టర్లు కాలానికి, తేమకి రంగు మారిపోతాయి, కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో మరీనూ. ఖర్చు బరువనిపిస్తే మీ ఊళ్లో నలుగురు ఫొటోగ్రాఫర్లు కలిసి ఒకటి కొనుక్కోండి. రోజూ వాడేది కాదు. డిస్‌ప్లేక్యాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పరికరాల్లో చాలావాటితో పనిచేస్తుంది. దాని లోపల నడిచేది ఆర్గిల్ అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్. కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ కంటే ఇది నెమ్మది, ఆప్షన్లు చూస్తే తల తిరుగుతుంది, కానీ నాకు ఇదే నచ్చుతుంది.

కొలవడానికి ముందు సర్దుకోవాల్సినవి ఉన్నాయి. మానిటర్ ఆన్ చేసి అరగంట వేడెక్కనివ్వండి. మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో, లో బ్లూ లైట్, ‘సినిమా’, ‘గేమ్’ మోడ్లు అన్నీ తీసేసి, యూజర్ లేదా కస్టమ్ మోడ్‌కి వెళ్లండి. కాంట్రాస్ట్ కంపెనీ పెట్టినచోటే ఉంచండి. విండోస్‌లో నైట్ లైట్ ఆపండి, హెచ్‌డీఆర్ ఆపండి. మ్యాక్ అయితే ట్రూ టోన్, నైట్ షిఫ్ట్. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో బ్యాటరీ ఆదా కోసం కాంట్రాస్ట్ దానంతట అదే మార్చే ఆప్షన్ ఉంటుంది, అది కూడా తీసేయండి. లేకపోతే పరికరం కొలుస్తుండగానే వెలుగు మారిపోతూ ఉంటుంది.

ఒకటి మాత్రం ఆగి చూసుకోండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపినప్పుడు గ్రాఫిక్స్ కార్డు మానిటర్‌ని టీవీ అనుకుని 0–255 బదులు 16–235 మధ్యే సిగ్నల్ పంపుతుంది ఒక్కోసారి. అప్పుడు నలుపు బూడిదలా, ఫొటో అంతా పొగ పట్టినట్టు ఉంటుంది. ఎన్విడియా, ఏఎమ్‌డీ, ఇంటెల్ మూడింటి కంట్రోల్ ప్యానెళ్లలోనూ అవుట్‌పుట్ రేంజ్ ‘ఫుల్’ చేసే చోటు ఉంది. వీలైతే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడండి, ఈ గొడవ దాదాపు ఉండదు.

సాఫ్ట్‌వేర్‌లో లక్ష్యాలు ఇలా పెట్టండి. వైట్ పాయింట్ డీ65, అంటే దాదాపు 6500 కెల్విన్. గామా 2.2. వెలుగు 100 నిట్స్. ప్రింటు వెలుతురు డీ50 (దాదాపు 5000 కెల్విన్) కాబట్టి మానిటర్ కూడా డీ50 పెట్టాలని కొందరంటారు. ప్రింటు పక్కనే లైట్ బాక్సు పెట్టుకుని పోల్చే ప్రెస్సుల్లో దానికి అర్థం ఉంది. మీ ఫైళ్లు ఫోన్లకీ వెళ్తాయి, డీ65 దగ్గరే ఉండండి. ప్రొఫైల్ రకం అడిగితే కర్వులూ మ్యాట్రిక్సూ ఉన్నది, వెర్షన్ 2 ఎంచుకోండి. వెర్షన్ 4తో కొన్ని ప్రోగ్రాములు ఇప్పటికీ తడబడతాయి.

బ్యాక్‌లైట్ రకం అడిగే పెట్టె దగ్గర చాలామంది కళ్లు మూసుకుని ముందుకు వెళ్తారు. కలరీమీటర్‌కి లోపల ఉండేవి రంగు ఫిల్టర్లు, అవి మనిషి కంటికి దగ్గరగా ఉంటాయే తప్ప అచ్చం కన్ను కాదు. ఆ తేడాని బ్యాక్‌లైట్ రకాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ సరిదిద్దుతుంది. మామూలు ఎస్ఆర్‌జీబీ మానిటర్‌కి ‘వైట్ ఎల్‌ఈడీ’. డబ్బా మీద 95 శాతం పీ3 (ఎస్ఆర్‌జీబీ కంటే పెద్ద రంగుల పరిధి) లాంటి మాట ఉంటే చాలావరకు ‘పీఎఫ్ఎస్ ఫాస్ఫర్’. తప్పుది ఎంచుకుంటే తెలుపు ఆకుపచ్చకో గులాబీకో ఒరుగుతుంది, రిపోర్టులో మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది.

తర్వాత పరికరం స్క్రీన్ మధ్యలో అతుక్కుని ఉండాలి, మానిటర్‌ని కొంచెం వెనక్కి వంచితే నిలుస్తుంది. ముందు మెనూలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం గెయిన్లు జరిపి తెలుపు లక్ష్యానికి తెమ్మంటుంది. ఈ పని మానిటర్‌లోనే చేసుకోవడం మేలు. దీన్ని గ్రాఫిక్స్ కార్డుకి వదిలేస్తే ఉన్న 256 మెట్లలో కొన్ని కోసేస్తుంది, సాయంత్రపు ఆకాశంలో చారలు కనిపిస్తాయి. గెయిన్లు తగ్గించడమే తప్ప 100 దాటి పెంచకండి. ఐజో కలర్‌ఎడ్జ్, బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ లాంటి వాటిలో ఈ సవరణంతా మానిటర్ లోపలి పట్టికలోకే నేరుగా వెళ్తుంది, వాటి ధరలో కొంత దీనికే. ల్యాప్‌టాప్ తెరకి గెయిన్లు ఉండవు. అక్కడ తెలుపు 6500కి మరీ దూరంగా లేకపోతే ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేసి ప్రొఫైల్ మాత్రం చేసుకోండి.

చివర్లో డెల్టా ఈ (రావాల్సిన రంగుకీ వచ్చిన రంగుకీ ఉన్న తేడా అంకె) రిపోర్టు వస్తుంది. సగటు 1 లోపు, గరిష్ఠం 3 లోపు ఉంటే పెళ్లి పనికి హాయిగా సరిపోతుంది. 0.4 వచ్చిందా 0.7 వచ్చిందా అని తెల్లవారుజాము దాకా మళ్లీ మళ్లీ చేసేవాళ్లని చూశాను, శుద్ధ దండగ. ఆ పరీక్ష అదే పరికరంతో చేస్తారు కాబట్టి దాని సొంత తప్పు అందులో బయటపడదు. తప్పు తూకంరాళ్లతో ఎన్నిసార్లు తూచినా అదే బరువు కదా. బూడిద రంగు పట్టీ ఒకటి నలుపు నుంచి తెలుపు దాకా తెరిచి చూడండి. మధ్యలో ఎక్కడా గులాబీ, ఆకుపచ్చ ఛాయలు తొంగిచూడకపోతే మీ పని అయినట్టే. లాగోమ్ ఎల్‌సీడీ పరీక్ష పేజీల్లో బ్లాక్ లెవెల్, వైట్ శాచ్యురేషన్ బొమ్మలు ఉచితంగా ఉన్నాయి, అవి కూడా చూసుకోండి.

విండోస్‌లో ప్రొఫైల్ డిఫాల్ట్ అయిందో లేదో కంట్రోల్ ప్యానెల్‌లోని కలర్ మేనేజ్‌మెంట్‌లో మీ మానిటర్ పేరు ఎంచుకుని చూడండి. ల్యాప్‌టాప్ తెర, మానిటర్ రెండూ వాడుతుంటే ‘ఎక్స్‌టెండ్’ పెట్టండి. ‘డూప్లికేట్’ పెడితే రెండు తెరలకీ ఒకే సిగ్నల్ వెళ్తుంది, అది ఒకదానికే సరిపోతుంది. ఇలా రెండూ క్యాలిబ్రేట్ చేశాక కూడా పక్కపక్కన తెలుపులు కొద్దిగా తేడాగా కనిపించవచ్చు. బ్యాక్‌లైట్లు వేరైతే అంకెలు కలిసినా కన్ను ఒప్పుకోదు. దాని కోసం కొట్టుకోకండి, ఫొటో ఎప్పుడూ ఒక్క మానిటర్ మీదే చూడండి.

మళ్లీ ఎప్పుడు చేయాలంటే, ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్లు నెమ్మదిగానే మారతాయి. రెండు మూడు నెలలకోసారి చాలు, ముహూర్తాల సీజన్ మొదలయ్యే ముందు ఒకసారి.

మానిటర్ సరిపడ్డాక ల్యాబ్ దగ్గరికి రండి. ముందు అడగాల్సిన ప్రశ్న: 12×36 షీట్లు ఫొటో పేపర్ మీద వేస్తున్నారా, డిజిటల్ ప్రెస్ మీదా? నొరిట్సు, ఫ్యూజీ ఫ్రాంటియర్ లాంటి మెషీన్లు వెలుగుతో ఫొటో పేపర్‌ని ఎక్స్‌పోజ్ చేస్తాయి, వాటికి ఆర్‌జీబీ ఫైలే ఇవ్వాలి. చిరగని షీట్ల ఆల్బమ్‌లు చాలావరకు ప్రెస్ మీదవి, అక్కడ ముదురు నీలాలు, మెరిసే ఆకుపచ్చలు కొంత తగ్గుతాయి. రెండు చోట్లా ఐసీసీ ప్రొఫైల్ అడగండి. ఇస్తే ఫొటోషాప్ ప్రూఫ్ సెటప్‌లో ఎంచుకుని, కంట్రోల్–వై నొక్కి, ఏ రంగు ఎంత తగ్గుతుందో ప్రింటుకు ముందే చూసుకోవచ్చు. ‘అలాంటిదేం లేదండీ, ఎస్ఆర్‌జీబీ పంపండి చాలు’ అంటే అలాగే చేయండి. ఫైలు అడోబీ ఆర్‌జీబీలో (ఎస్ఆర్‌జీబీ కంటే పెద్ద మరో రంగుల పరిధి) ఉంటే ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’తో మార్చాలి. ‘అసైన్’ నొక్కితే అంకెలు అలాగే ఉండి రంగులు మారిపోతాయి. అడోబీ ఆర్‌జీబీ ఫైలు ప్రొఫైల్ చూడని మెషీన్‌కి వెళ్తే మొహాలు వెలిసిపోయి వస్తాయి.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. మినీల్యాబ్ ఆపరేటర్ ముందు డెన్సిటీ, సయాన్, మెజెంటా, ఎల్లో అని నాలుగు సవరణలుంటాయి. ప్రతి ఫొటోకీ అలవాటుగా కొంత నొక్కుతూ పోతాడు, లేదా ఆటో కరెక్షన్ ఆన్‌లో ఉంటుంది. మీరు జాగ్రత్తగా సరిచేసిన రంగు మీద అతను మళ్లీ సరిచేస్తున్నాడన్నమాట. పట్టుచీర ఎరుపు ఫ్రేమంతా నిండిన ఫొటోలో ఆటో సవరణ సయాన్ కలిపి మొహాన్ని పాడుచేస్తుంది. కాబట్టి ‘కరెక్షన్ ఏమీ వద్దు’ అని ఆర్డర్ మీద రాసివ్వండి, ఫోన్లో కూడా చెప్పండి.

ఆ షరతుతో ఒక పరీక్ష ప్రింటు వేయించండి. అందులో ఉండాల్సినవి: మధుపర్కాలు కట్టుకున్న వధూవరుల ఫొటో, ఎర్ర పట్టుచీర దగ్గరి షాటు, నెమలికంఠం రంగు బట్ట, నల్లని కోటు వేసుకున్న రిసెప్షన్ ఫొటో, ఒక బూడిద రంగు పట్టీ. మధుపర్కం తెలుపు మీద ఐడ్రాపర్ పెడితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు దాదాపు సమానంగా రావాలి, నూలు బట్ట కాబట్టి నీలం కొద్దిగా తక్కువ ఉండొచ్చు. ఈ అంకెలు ఏ మానిటర్‌లో చూసినా అవే, అందుకే నాకు వీటి మీద గురి. పట్టుచీరలో ఎరుపు ఛానెల్ 255కి కొట్టుకుని ఉంటే నేత కనిపించదు. అక్కడ శాచ్యురేషన్ కాస్త దించితే జరీ పక్కన బుటాలు తేలతాయి. నెమలికంఠం రంగు ఎస్ఆర్‌జీబీ అంచు దాటి ఉండే అవకాశం ఎక్కువ, అది ప్రింటులో కొంచెం నీలం అయితే అయింది, వదిలేయండి.

ప్రింటు వచ్చాక 5000 కెల్విన్ బల్బు కింద పెట్టి, పక్కన సాఫ్ట్ ప్రూఫ్‌తో (ఇందాక చెప్పిన కంట్రోల్–వై చూపు) ఫొటో తెరవండి. వెలుగులో తేడా ఉంటే మానిటర్ లక్ష్యాన్ని 100 నుంచి 90కో 110కో మార్చి మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి. రంగులో తేడా ఉంటే మాత్రం మానిటర్ గెయిన్లు ముట్టుకోవద్దు. ‘ప్రింటు ఎలా వస్తుందో మానిటర్‌ని అలా తిప్పుకో’ అనే సలహా మీకు చాలామంది ఇస్తారు. ఆ ల్యాబ్ పేపర్ రోల్ మార్చగానే ఆ సెట్టింగు చెత్త అవుతుంది.

ఫోన్ల సంగతి మీ చేతిలో లేదు. చాలా ఆమోలెడ్ ఫోన్లు ‘వివిడ్’ మోడ్‌లో అమ్ముడవుతాయి, అవి ఏ ఫొటోనైనా రంగు పెంచే చూపిస్తాయి. ఎస్ఆర్‌జీబీలో, ప్రొఫైల్ పొదిగి ఎక్స్‌పోర్ట్ చేయడం వరకే మీ బాధ్యత. కస్టమర్ ‘ఫోన్లో ఉన్నట్టు ఆల్బమ్‌లో లేదు’ అంటాడని ఎడిట్ చేసేటప్పుడే ఫోన్ కోసం రంగు తగ్గించకండి. ఆల్బమ్ ఇచ్చేటప్పుడు వాళ్ల ఫోన్‌ని ‘నేచురల్’ మోడ్‌కి మార్చి పక్కన పెట్టి చూపిస్తే సగం గొడవలు అక్కడే తీరతాయి.

ఇదంతా చేశాక కూడా మొహాలు ఎర్రగానే వస్తే మానిటర్ మోడల్, ప్రొఫైల్ రిపోర్టు, పరీక్ష ప్రింటులోని బూడిద పట్టీకి పగటి వెలుతురులో తీసిన ఫొటో పెట్టండి. బూడిద పట్టీ కూడా ఎర్రగా ఉంటే ల్యాబ్‌తో మాట్లాడాలి. పట్టీ బాగుండి మొహాలే ఎర్రగా ఉంటే మీ ఎడిటింగ్ ప్రీసెట్‌లో నారింజ, ఎరుపు స్లైడర్లు చూడాలి.